శ్రీరామ రాసిన వైపు

లంబాసా,
14 జులై 1996

చిన్నాయనకి మోహిని నమస్కారాలు.

విల్లు పంపుతున్నాను. పాత దుప్పట్లో చుట్టాను, పంపడం సబబేనా అనిపించి విప్పాను, మళ్ళీ చుట్టాను. మా కాలేజీలో నాతో పనిచేసే షీలా, చెల్లెలి పెళ్ళికని నమాకా వెళ్తోంది. అక్కణ్ణించి సింగటోకా బస్సులో డ్రైవరుకి అప్పగిస్తానంది. మార్కెట్ దగ్గర మీరు దించుకోవాలి.

పోయిన దసరా సంగతి మీరు రాసింది మొన్న మళ్ళీ చదివాను. రాముడి వేషంలో మీరు వెదురు విల్లు లాగడం, బాణం రావణుడి మోకాలి దాకా వెళ్ళి చతికిలబడటం, అయినా రావణుడి బొడ్డు దగ్గర కట్టిన అమృతకుండ భళ్ళున పగిలి ఎర్రనీళ్ళు కారడం, వెనక దాక్కుని తాడు లాగిన సామి చెయ్యి ఊరందరికీ కనపడటం. ఆ కుండని ఏటా పగలగొట్టేది సామి తాడేనని తెలియంది ఎవరికి? తెలిసినా చూడనట్టుండటం మనవాళ్ళ మర్యాద. చెయ్యి కనపడ్డాక ఆ మర్యాద కుదరలేదు. ఈ ఏడు బాణం వద్దు, కరెంటు బటను నొక్కి రావణుణ్ణి అంటిద్దామని కమిటీ ప్రెసిడెంటు గోవిందు గారు అంటున్నారని రాశారు. మీ నాన్న, అంటే మా తాత, మొదలుపెట్టిన బాణం మీ చేతిలో ఆగిపోతోందని ఒక్క వాక్యం రాసి, వెంటనే టమాటా ధర గురించి రాశారు. ఆ ఒక్క వాక్యం నన్ను పట్టుకుంది.

నలభై దాటాక విలువిద్య నేర్చుకుంటున్నానంటే మీరు నవ్వారు కదా. ఇక్కడ మిల్లు క్వార్టర్ల వెనక మైదానంలో మా క్లబ్బు. నేను కొత్త విల్లు కొనుక్కున్నాక పాతది ఊరికే ఉంది. దీన్ని కాంపౌండ్ విల్లంటారు. రెండు కొసల్లో చక్రాలుంటాయి. లాగేటప్పుడు మొదట బరువు, ఒక చోటు దాటాక ఆ బరువు చాలావరకు చక్రాలే మోస్తాయి. మీ భుజానికి ఇది సాయం చేస్తుందని నా ఆశ. చేయకపోతే ఏమనుకుంటారోనని భయం కూడా.

ఒక్కటి మాత్రం మరిచిపోవద్దు. బాణం లేకుండా నారి లాగి వదలకండి. బాణం తీసుకెళ్ళాల్సిన బలమంతా విల్లులోనే ఉండిపోయి, విల్లు ముక్కలవుతుంది. ఇంకొకటి, రావణుడి వెనక మట్టి బస్తాలు పేర్చాలి. ఇది వెదురు కాదు.

చిన్నమ్మకి నా ముద్దులు.

ఎప్పటిలాగే సందేహిస్తూ,
మోహిని

*

శ్రీరామ

సింగటోకా వాలీ,
28 జులై 1996

బిడ్డా మోహినీ,

నువ్వు కాగితం పైన ఏమీ రాయవు. నేరుగా ఊరు, తేదీ. మా నాన్న కూరగాయల సంచికి చీటీ అంటించినా పైన శ్రీరామ రాసి, కింద టమాటా అని రాసేవాడు. గిరిమిట్‌లో, కూలి ఒప్పందం మీద ఓడెక్కి ఇక్కడికి వచ్చినప్పుడు ఆయన తెచ్చుకున్న ఆస్తి ఆ అక్షరాలే. నువ్వు విశాఖపట్నం పోయి చదివొచ్చావు, నీ తెలుగు పెద్దది. సరే, వదిలేస్తున్నా. మన ఇంట్లో తెలుగు చదివేది ఇప్పుడు మనిద్దరమే. మనలో మనకి కొట్లాట ఎందుకు.

విల్లు వచ్చింది. డ్రైవరు చేపలు పట్టే సామాను అనుకున్నాడట. మీ చిన్నమ్మ విప్పి చూసి, “ఈ కౌన్ చీజ్? ఆధా సైకిల్?” అంది. ఇదేం వస్తువు, సగం సైకిలా అని! సామి వచ్చి చూసాడు. చక్రాలు గుండ్రంగా లేవు, బస్సులో దెబ్బ తగిలి వంకరపోయాయి, ఆకురాయితో అరగదీస్తే ఏక్‌దమ్ సరిపోతాయి అన్నాడు. ఆకురాయి తెచ్చాడు కూడా. మోహినికి రాసి అడిగేదాకా చెయ్యి పెట్టొద్దని కూర్చోబెట్టా.

నారి ఊరికే వదలొద్దని రాసావు. అది చదివి నాకు అన్నం పోలేదు. రాముడు విల్లు ఎత్తుతాడు, నారి లాగి వదుల్తాడు, ఠంగ్ అని ఆ టంకారానికి లంక అదురుతుంది. ఆ తరవాత కదా బాణం! అన్ని ఏళ్ళు ఆ శబ్దం చేసా. ఖాళీగా పలకలేని విల్లు అదేం విల్లు బిడ్డా?

ఫిర్, లాగి చూసా. కటక్ అంది. విల్లు కాదు, నా భుజం. ట్రాక్టరు మీంచి పడ్డ భుజమే. ఇంక లేవలేదు. నేను పీట మీద కూర్చుని భుజం పట్టుకుంటే మీ చిన్నమ్మ పార్బతి తడిబట్టలు తీగ మీద వేసి వచ్చి, “దేవ్ హమ్మే”, నాకివ్వు అని నా చేతిలోది తీసుకుంది. లాగింది. మొదట మొహం బిగిసింది, చక్రాలు తిరిగాయి, మొహం విప్పుకుంది. అలా లాగి పట్టుకునే నన్ను అడిగింది, సాయంత్రం దాలో దుంప ఉడికించనా, కసావా ఉడికించనా అని. నేను మెల్లగా దించు, మెల్లగా దించు అని అరుస్తున్నా. మెల్లగానే దించింది. ఫిర్ కసావా ఉడికించింది.

కమిటీలో చెప్పా, ఈ ఏడు బాణం పార్బతి వేస్తుందని. గోవిందు నవ్వాడు. ఆడమనిషి రాముడా అన్నాడు. మీ చిన్నమ్మ గుమ్మంలోనే ఉంది. “పోయిన సాల్ తుమార్ సీతాకే దాఢీ రహా. కోయీ కుఛ్ బోలా?” అంది. పోయిన ఏడు నీ సీతకి గెడ్డం ఉండింది, ఎవరైనా ఏమైనా అన్నారా అని. యంగోనా తాగుతున్నవాళ్ళు కొబ్బరిచిప్ప బిలోలు కింద పెట్టి నవ్వారు. గోవిందు ఏం చేస్తాడు? సరే, అక్టోబరు మొదటి ఆదివారం అందరి ముందర కుండ పగలగొట్టి చూపించండి, పగిలితే బాణం, లేకపోతే బటను అన్నాడు.

ఇప్పుడు చెప్పు. బాణం వేస్తున్నాం. చేప నీళ్ళలో పోయినట్టు తోక ఊపుకుంటూ పోతోంది. ఎందుకు?

మీ చిన్నాయన,
రంగస్వామి

*

లంబాసా,
6 ఆగస్టు 1996

చిన్నాయనా,

ముందు సామి గారి దగ్గర ఆకురాయి లాక్కోండి. ఆ చక్రాలు పుట్టుకతోనే గుండ్రంగా ఉండవు. ఆ వంకరలోనే వాటి కిటుకంతా ఉంది.

ఇప్పుడు చిన్నమ్మ. మీ ఉత్తరం స్టాఫ్ రూములో చదివి గట్టిగా నవ్వితే, అందరూ తిరిగి చూశారు. చిన్నమ్మ విల్లు లాగి పట్టుకుని కసావా సంగతి అడగడం నా కళ్ళకి కట్టింది. నేను మొదటిసారి లాగినప్పుడు ఊపిరి పీల్చడం కూడా మరిచిపోయాను. టంకారం గురించి ఆలోచిస్తాను.

బాణం తోక ఊపుతోందంటే విల్లు ఇంకా శ్రుతి కాలేదు. వీణకి బిరడాలు తిప్పినట్టే దీనికీ తిప్పాల్సినవి ఉన్నాయి. ఎటు ఎంత తిప్పాలో కాగితం చెబుతుంది. ఒక చెక్క చట్రానికి తెల్ల కాగితం బిగించి తగిలించండి. దాని వెనక కొంత దూరంలో మట్టి బస్తాలు. చిన్నమ్మ చట్రానికి దగ్గరగానే నిలబడి కాగితంలోంచి వెయ్యాలి. బాణం తిన్నగా వెళితే ముక్కు చేసిన చిల్లు చుట్టూ మూడు ఈకలూ మూడు చిన్న గీట్లు చీలుస్తాయి, అంతే. వంకరగా వెళితే ముక్కు ఒక చోట, తోక ఇంకో చోట చింపుతాయి. తోక ఎటు చిరిగితే జబ్బు అటు.

ఆ కాగితాలు నాకు పోస్టులో పంపండి. నేను చదివి మందు రాస్తాను. డాక్టరు రోగిని చూడకుండా మందు రాయడం తప్పే, కానీ పరీక్షల ముందు నాకు సెలవు దొరకదు, విమానం ఎక్కలేను.

విల్లు మధ్యలో బాణం ఆనే చిన్న ఆసరా ఉంది, దాన్ని రెస్ట్ అంటాం. దాని పక్కన మర ఉంది. నారి మీద బాణం తోక ఆనే చోట ఇత్తడి పూస ఉంది. ప్రస్తుతానికి ఈ రెండూ మీకు తెలిస్తే చాలు. వాటిని తిప్పే చిన్న తాళంచెవి దుప్పటి మూలన ముడి వేశాను, పారేయలేదు కదా?

మోహిని

*

శ్రీరామ

సింగటోకా వాలీ,
19 ఆగస్టు 1996

బిడ్డా,

ముడి విప్పకుండానే మీ చిన్నమ్మ దుప్పటి ఉతికేసింది. తాళంచెవి ఇంకా శుభ్రమయింది, ఇంకేం కాలేదు.

ఇందులో కాగితం పెట్టా, చూడు. నువ్వు తెల్ల కాగితం అన్నావు. తెల్లగా ఎలా పంపను? దాని మీద కూడా పైన శ్రీరామ రాసా. కింద చిరుగు. ఇలాంటివి చాలా వేసాం, అన్నీ ఒకటే మాదిరి చిరిగాయి, అందుకని ఒకటే పంపుతున్నా. పోస్టాఫీసు పిల్ల కవరు ఎత్తి చూసి, ఎలక కొట్టిందా తాతా అంది.

మీ చిన్నమ్మ గాజులు తియ్యనంటుంది. నారి తగిలి ఒకటి పగిలింది. ఇప్పుడు అన్నీ మోచేతికి తోసి, మార్కెట్లో కొత్తిమీర కట్టే రబ్బరు వేసుకుంటుంది. వంట ముగించి రోజూ వేస్తుంది. మునుపు టీ తాగుతూ రేడియో వినేది, ఇప్పుడు రేడియో నేను వింటున్నా, టీ కూడా నేనే పెడుతున్నా. నది అవతల నుంచి జనం వచ్చి తలనోవా అని కబుర్లు వేసుకుని కూర్చుని చూస్తున్నారు. మాకు ఇంట్లో యంగోనా నిలవడం లేదు.

తొందరగా రాయి.

రంగస్వామి

*

లంబాసా,
27 ఆగస్టు 1996

చిన్నాయనా,

మీ కాగితాన్ని కిటికీ అద్దానికి అంటించి చూశాను. జాతకం చూసేవాళ్ళకి ఇలాగే ఉంటుందేమో, మనిషి దూరంగా, గీతలు దగ్గరగా. బాణం ముక్కు కింద గుచ్చుకుంది. తోక దానికి పైన, ఎడమ పక్కకి చింపుకుంటూ వెళ్ళింది. అంటే రెండు జబ్బులు. తోక పైకి లేస్తోంది, ఎడమకి జరుగుతోంది.

పైకి లేవడానికి మందు: నారి మీద ఇత్తడి పూస కొంచెం కిందకి దించండి. ఎడమకి జరగడానికి మందు: రెస్ట్ మర తిప్పి దాన్ని కొంచెం కుడికి జరపండి. కొంచెం అంటే గోటి మందం కూడా కాదు. రెండూ ఒకేసారి చెయ్యొద్దు. ముందు పూస, మళ్ళీ కాగితం. తరవాత రెస్ట్, మళ్ళీ కాగితం.

ఇంత ధీమాగా రాశానే గాని, పోస్టులో వేసి వచ్చాక పుస్తకం మళ్ళీ తీసి చూస్తానని నాకు తెలుసు.

రబ్బరు సంగతి క్లబ్బులో చెప్పాను. ఇక్కడి ఆడవాళ్ళం అందరం గాజులు తీసి పక్కన పెట్టేవాళ్ళం, ఎవరికీ తోచలేదు. ఇప్పుడు నాకూ మోచేతి దగ్గర కొత్తిమీర రబ్బరుంది.

మోహిని

*

శ్రీరామ

సింగటోకా వాలీ,
8 సెప్టెంబరు 1996

అమ్మా డాక్టరు గారూ,

సగం మందు పనిచేసింది. పూస దించా, తోక కిందకి దిగింది, పైకీ కిందకీ ఇప్పుడు ఏక్‌దమ్ సమానం. మీ చిన్నమ్మ నీ పేరు చెప్పి అగరొత్తి వెలిగించింది.

ఫిర్ రెస్ట్ కుడికి జరిపా. అగరొత్తి ఆర్పేసింది. చిరుగు ఇంకా పెద్దదయింది. కాగితం పెట్టా, చూడు. ఇంకొంచెం జరపాలేమో అనుకుని ఇంకొంచెం జరిపా. ఇంకా పెద్దది. దూరం నుంచి కుండ మీదకి వేస్తే బాణం కుండకి తగల్లేదు, బస్తాలకీ తగల్లేదు, బైగన్ మడిలోకి పోయింది. వెతికి తెస్తే దానికో వంకాయ గుచ్చుకుని ఉంది. సామి దాన్ని అలాగే పట్టుకుని కమిటీకి తీసుకెళ్ళి, రావణుడు దొరకలేదు, కూర దొరికింది అన్నాడట. గోవిందు బటనుకి వైరు కొనడానికి నాందీ పోయాడు.

నాకు నవ్వు రావడం లేదు బిడ్డా. ఆయనకి వస్తోంది.

రంగస్వామి

*

లంబాసా,
14 సెప్టెంబరు 1996

చిన్నాయనా,

రెండో కాగితం చూశాను. అదే ఎడమ, ఇంకా ఎక్కువ. మందు సరైనదే, పుస్తకం తీసి చూశాను, క్లబ్బులో షీలాని అడిగాను, కలలో కూడా చూసుకున్నాను. మందు సరైనదై జబ్బు పెరిగితే, కారణం మందులో లేదనుకోవాలి కదా.

ఒకటే తోస్తోంది. రాయడానికి మనసొప్పడం లేదు. చిన్నమ్మ విల్లుని గట్టిగా పిడికిట్లో బిగించి పట్టుకుంటోందా? అలా పట్టుకుంటే వదిలే క్షణంలో మణికట్టు తిరుగుతుంది. మొదట్లో అందరికీ చెయ్యి వంకర పోతుంది, నాకూ పోయింది. వేళ్ళు వదులుగా, పిట్టని పట్టుకున్నట్టు పట్టుకోమనండి. విసుక్కోకుండా చెప్పండి.

మోహిని

*

శ్రీరామ

సింగటోకా వాలీ,
22 సెప్టెంబరు 1996

మోహినీ,

నీ ఉత్తరం చదివి వినిపించా. తెలుగులోంచి హిందీలోకి మార్చేటప్పుడు కొంచెం మెత్తగా మార్చాల్సింది. నాకు మెత్తగా మార్చడం రాదు.

మీ చిన్నమ్మ చెయ్యి కడుక్కుని, తుడుచుకుని, నా మొహం ముందర పెట్టింది. “తుమార్ భతీజీకే బోలో, హమార్ హాథ్ సీధా హై.” నీ అన్న కూతురికి చెప్పు, నా చెయ్యి తిన్నగానే ఉంది అని. ఈ చేత్తో చేసిన రోటీ ఎప్పుడైనా వంకరగా వచ్చిందా అని అడిగింది. రాలేదు, అది నిజం. విల్లు తీసుకెళ్ళి బియ్యం డ్రమ్ము మీద పెట్టింది, దాని మీద దుప్పటి కప్పింది. ఉతికిన అదే దుప్పటి.

నాతో మాట్లాడుతుంది. నీ మాట వస్తే రేడియో పెద్దది చేస్తుంది. చూడ్డానికి వచ్చినవాళ్ళు ఇంటి ముందర కూర్చుని, యంగోనా తాగి, నన్ను చూసి వెళ్తున్నారు. నన్నేం చూస్తారు?

వచ్చే ఆదివారం కాక ఆ పై ఆదివారం గోవిందు పరీక్ష. నేను ఆయనకి సరే బటనే అని చెప్పేస్తా. మా నాన్న ఏమీ అనుకోడు. ఆయన చెయ్యి కూడా సామి నాన్న తాడు మీదే నడిచింది కదా.

వర్షాలు బాగున్నాయి. టమాటా బాగుంది.

రంగస్వామి

*

లంబాసా,
27 సెప్టెంబరు 1996

చిన్నాయనా,

గోవిందు గారికి ఏమీ చెప్పకండి. చెప్పేసి ఉంటే వెనక్కి తీసుకోండి. ఈ ఉత్తరం పోస్టుకి ఇవ్వడం లేదు, రేపటి విమానంలో నాందీ వస్తున్న మా హెడ్ క్లర్కు చేతికిస్తున్నాను, ఆయనే మీ ఊరి బస్సులో వేస్తారు.

నిన్న పిల్లల ఫిజిక్సు పేపర్లు దిద్దుతున్నాను. అద్దం గురించి ప్రశ్న. ఒక పిల్ల రాసింది: చొక్కా మీది అక్షరాలు అద్దంలో ఎడమ కుడి తారుమారవుతాయి, పైకిందలు మారవు. టిక్కు పెట్టి పేజీ తిప్పబోయి ఆగిపోయాను. పైకిందలు మారవు. మన మందు పైకీ కిందకీ పనిచేసింది. ఎడమకీ కుడికీ ఎదురు తిరిగింది. చిన్నమ్మ చెయ్యి మెలితిరిగితే ఇంత లెక్కగా ఎదురు తిరగదు.

మీ కాగితాలు రెండూ తీసి, చిరుగు అంచులు వేలితో తడిమాను. కాగితంలోంచి ఏది దూసుకెళ్ళినా అంచులు అది బయటికెళ్ళిన వైపే లేస్తాయి. ఈ అంచులు శ్రీరామ రాసిన వైపుకి లేచి ఉన్నాయి. అంటే బాణం వెనక నుంచి దూరి, శ్రీరామ వైపు నుంచి బయటికి వచ్చింది.

నేను మొదటి నుంచీ కాగితాన్ని చదివే వైపు నుంచే చూశాను. చిన్నమ్మ నిలబడి చూసిన వైపు కూడా అదేననుకున్నాను. మీరు మాత్రం కాగితం తిప్పి బిగించారు. ఎందుకు తిప్పారని అడగను. టమాటా సంచికి శ్రీరామ రాసిన మనిషి కొడుకు ఆ పేరుకి ఎదురుగా బాణం ఎలా గురిపెట్టనిస్తాడు? అది నాకు తట్టాలి. మీ ఉత్తరం అందగానే పేరుని వేలితో తాకి కళ్ళకద్దుకునే అలవాటు నాకూ ఉంది, తెలుసా? పైన రాయను, అంతే.

కాబట్టి నా ఎడమ మీకు కుడి. నా మందు తిరగేసి వాడండి. రెస్ట్‌ని మొదట ఉన్న చోటికి తెచ్చి, అక్కణ్ణించి గోటి మందమంత ఎడమకి జరపండి. కాగితం మీకెలా ఇష్టమైతే అలా బిగించండి, చిరుగు మాత్రం చిన్నమ్మ నిలబడిన వైపు నుంచి చూడండి.

ఇది కూడా తప్పయితే? రాత్రంతా అదే అనుకున్నాను. పొద్దున మా క్లబ్బులో కాగితం తిప్పి బిగించి వేసి చూశాను. తప్పు కాదు.

ఇది చిన్నమ్మకి, హిందీలోకి మెత్తగా మార్చండి: చిన్నమ్మా, నీ చెయ్యి తిన్నగానే ఉంది. వంకరగా చూసింది నేను. రేడియో తగ్గించు.

మోహిని

*

శ్రీరామ

సింగటోకా వాలీ,
7 అక్టోబరు 1996

బిడ్డా! బిడ్డా!

పగిలింది!

వరస తప్పకుండా చెప్పమని మీ చిన్నమ్మ పక్కన కూర్చుంది. ఏం రాస్తున్నావో చెప్పు చెప్పు అంటూ ఉంది.

నీ ఉత్తరం మెత్తగానే మార్చా. విని రేడియో తగ్గించింది. కాసేపటికి నన్ను చూసి, “తుమ్ కాగజ్ పల్టాయా?” అంది. కాగితం తిప్పింది నువ్వా అని. నేనే అన్నా. ఇన్నాళ్ళూ పొద్దున్నే లేచి ఆ చట్రానికి కాగితం బిగిస్తోంది నేనే, పార్బతి ఒక్కనాడు కూడా దాన్ని తాకలేదు. ఫిర్ తిట్టింది, చూడూ, ఈ ఇంట్లో అంత తిట్టు నేనెప్పుడూ వినలేదు. నీ మీద కోపం కూడా నా మీదే తీర్చుకుంది. తిడుతూనే బియ్యం డ్రమ్ము మీంచి విల్లు దించింది. అక్కడే నవ్వడం మొదలుపెట్టింది, గోడకి ఆనుకుని నవ్వింది.

రెస్ట్ జరిపా. ఒక్క బాణం, నువ్వు చెప్పినట్టే చిల్లు, మూడు గీట్లు.

ఆదివారం కమిటీ అంతా వచ్చారు. గోవిందు కుండ తనే కట్టాడు, తాడేమైనా ఉందేమోనని వెనక తడిమి చూసుకున్నాడు. సామిని తన పక్కనే, చేతులు కనపడేట్టు కూర్చోబెట్టాడు. మీ చిన్నమ్మ వేసింది. భళ్ళు! గోవిందు, గాలికి పగిలిందేమో, ఇంకోటి అన్నాడు. అదీ భళ్ళు! ఇంకోటి కట్టబోతే సామి అడిగాడు, ప్రెసిడెంట్ సాబ్, మీ ఇంట్లో ఇంకెన్ని కుండలున్నాయి అని.

పరీక్షలని రాలేనన్నావు, తెలుసు. మేము నీకంతా రాస్తాం. టంకారం గురించి నువ్వు ఆలోచించనక్కర్లేదు. దానికి మేము ఇక్కడ దారి చూసాం.

రంగస్వామి

*

శ్రీరామ

సింగటోకా వాలీ,
23 అక్టోబరు 1996

మా బిడ్డ మోహినికి,

ముందు ఒక మాట. కాగితం మధ్యలో చిల్లు చూసి భయపడొద్దు. అది ఎందుకో ఆఖర్న చెప్తా. దాని చుట్టూ తిప్పి రాస్తున్నా, నువ్వూ అలాగే చదువు.

దసరా సాయంత్రం వర్షం వచ్చి పోయింది. మైదానం బురద. ఎక్కడెక్కడి నుంచో జనం, లౌటోకా నుంచి మా కూతురు మాల కూడా పిల్లల్ని తీసుకుని వచ్చింది. పార్బతి రాముడని లోయంతా పాకింది కదా. రావణుడు ఈసారి కొబ్బరిచెట్టంత. వెనక మట్టి బస్తాలు, నువ్వు చెప్పినట్టే, సామి నడుం పడిపోయేదాకా మోసాడు.

కిరీటంతో తగువు వచ్చింది. లాగితే నారి కిరీటం పక్క పువ్వుకి తగుల్తోంది. గోవిందు, కిరీటం లేని రాముడా అన్నాడు. మీ చిన్నమ్మ కత్తెర తెమ్మంది. పువ్వు కోసింది, కిరీటం పెట్టుకుంది, గాజులు మోచేతికి తోసి రబ్బరు వేసుకుంది, నడిచింది. నీలం రంగు పూసుకున్నాక నేనే గుర్తుపట్టలేదు. నా ముందు నుంచి పోతుంటే లేచి నిలబడ్డా.

విల్లు ఎత్తింది. అప్పుడు సామి, చేతికి తాడు లేదు కదా ఈ ఏడు, పెద్ద డోలు ముందు నిలబడి ఒక్కటే దెబ్బ వేసాడు. బిడ్డా, అదీ టంకారం! నేను అన్ని ఏళ్ళూ చేసింది దోమ పాట. కుక్కలు పారిపోయాయి, మాల చిన్నది ఏడ్చింది, నది అవతల కొండలోంచి మళ్ళీ వినపడింది.

ఫిర్ లాగింది. చక్రాలు తిరిగాయి. అలా పట్టుకుని నిలబడింది. ఇప్పుడు కసావా సంగతి అడుగుతుందేమో అనుకున్నా. అడగలేదు. వదిలింది.

బాణం తోక ఊపలేదు. ఊపుతుందేమోనని నేను దాన్నే చూస్తున్నా. తిన్నగా పోయింది, గీత గీసినట్టు. కుండ ముక్కలు కూడా మిగల్లేదు. జనం జయజయ అని లేచారు. గోవిందు కూడా లేచాడు, చప్పట్లు కొట్టాడు, ఆఖరికి కళ్ళు కూడా తుడుచుకున్నాడు. తుడుచుకుని, ఎవరికీ చెప్పకుండా దాచి ఉంచిన బటను జేబులోంచి తీసాడు! కుండ ఎలాగూ పగిలింది, అంటించడం నా బటనుతో చేస్తా, డబ్బు పెట్టి కొన్నా అన్నాడు. సరే నొక్కు అన్నాం. నొక్కాడు. ఏం లేదు. మళ్ళీ నొక్కాడు. వెళ్ళి చూస్తే, ఆయన బ్యాటరీ డబ్బా రావణుడి కాళ్ళ మధ్య దాచాడు, సరిగ్గా కుండ కింద. అమృతం అంతా దాంట్లో పడింది. ఎర్రనీళ్ళు కారుతున్నాయి. అగ్గిపెట్టె ఉందా అని ఆయనే అడిగాడు. ఉంది అని చాలా చేతులు లేచాయి.

రావణుడు బాగా కాలాడు. నువ్వుండాల్సింది.

ఇప్పుడు చిల్లు. నిన్న నీకు రాద్దామని కాగితం తీసి పైన శ్రీరామ రాసా. మీ చిన్నమ్మ వచ్చి లాక్కుంది. మోహినికి నేనూ రాస్తా అంది. నీకు తెలుగు రాదు కదా అన్నా. చట్రానికి బిగించింది. నేను చూస్తూనే ఉన్నా, శ్రీరామ తన వైపుకి పెట్టి బిగించింది. ఆ పేరుకి ఎదురుగానా పార్బతీ, తిప్పు అన్నా.

తిప్పలేదు. చెవుల వెనక ఇంకా నీలం రంగు పోలేదు దానికి. నన్ను చూసి అంది, “హమార్ నామ్ హై. హమ్ మారేగా.” అది నా పేరే, నేను వేసుకుంటా అని.

వేసింది. పేరుకి కింద, మధ్యలో. చిల్లు, చుట్టూ మూడు గీట్లు. అంచులు వేలితో తడిమి చూడు, ఈసారి వెనక్కే లేచి ఉంటాయి. నువ్వు చదివే వైపు నుంచే చూడు, సరిపోతుంది.

ఇది మీ చిన్నమ్మ సంతకం. దాని పక్కన నాది.

రంగస్వామి